తేలిక రివాల్వరు: మేలెంత? కీడెంత?

1806లో నిజాము సికిందర్ జా పేరున వెలసిన సికిందరాబాదు మొదటినుండియు దండు విడిసిన ఊరు. ఇచటివారికి తుపాకి వింత వస్తువు కాదు. అయినను సిపాయి చేతి తుపాకి వేరు. గృహస్థు తన రక్షణకై దాచుకొను రివాల్వరు వేరు. ఈ రెండవదానిని గూర్చి, అందును టైటానియముతో చేసిన చిన్న రివాల్వరును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచినాము.

2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరము దేశమును కలచివేసినది. పిమ్మట 2014 జనవరిలో కాన్పూరు ఫీల్డుగన్ ఫ్యాక్టరీవారు స్త్రీలకు అనువైనదని చెప్పి ‘నిర్భీక్’ అను రివాల్వరును విడుదల చేసిరి. అది .32 బోరుది. ఆరు తూటాలు పట్టును. టైటానియము మిశ్రలోహముతో చేయుటచే దాని బరువు అరకిలో మాత్రమే. నాటి వెల సుమారు 1,22,000 రూపాయలు. చేతిసంచిలో ఇముడునది, మోయుటకు సులువైనది గనుక మంచిదేనా? అది విచారింపదగిన ప్రశ్న.

ముందుగా లోహము సంగతి. ఘనసెంటీమీటరు ఉక్కు 7.8 గ్రాములు తూగును, టైటానియము 4.5 గ్రాములే. దాని మిశ్రలోహములు బలమునందు మంచి ఉక్కునకు తీసిపోవు. చెమటకు, తేమకు త్రుప్పు పట్టవు. దీని ఖనిజము మన భీమునిపట్నము తీరపు ఇసుకలోనే కలదు. కాని ఆ ఖనిజమునుండి లోహమును రాబట్టుటకు క్లోరిను, మెగ్నీషియములతో దీర్ఘమైన ప్రక్రియ నడుపవలెను. ఆ పద్ధతిని హైదరాబాదు కంచన్‌బాగులోని రక్షణ లోహ పరిశోధనశాల రూపొందింపగా, 2011లో కేరళలోని చవరలో కర్మాగారము వెలసినది. 1973లో నెలకొల్పిన మిధాని సంస్థయు కంచన్‌బాగులోనే టైటానియము మిశ్రలోహములను తయారుచేయుచున్నది. ఈ లోహమును కోసి, తొలిచి మలచుటయు కష్టమే. ఇసుక చౌక, లోహము ప్రియము అగుటకు ఇదియే కారణము.

ఇక మేలు. బరువైన ఆయుధము బీరువాలోనే ఉండిపోవును. తేలికదానిని వెంట ఉంచుకొందురు. రివాల్వరు నిర్మాణము సరళము. ఒక తూటా పేలకున్నచో మరల ట్రిగ్గరు నొక్కిన చాలును, తరువాతి తూటా ముందుకు వచ్చును.

కీడును ఇక్కడనే మొదలగును. గుండు ముందుకు పోవునప్పుడు తుపాకి వెనుకకు తన్నును. ఒకే తూటాను సగము బరువుగల తుపాకిలో కాల్చినచో, అది రెట్టింపు వేగముతో వెనుకకు వచ్చును. చేయి ఓర్చుకొనవలసిన శక్తియు రెట్టింపగును. అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ వారి 340 పిడి అను రివాల్వరు సిలిండరు టైటానియముది, చట్రము అల్యూమినియము మిశ్రమముది. బరువు సుమారు 335 గ్రాములు. అదే తూటాను కాల్చు వారి ఉక్కు రివాల్వరు దాదాపు ఇబ్బడి బరువుండును. ఇంత తేలికదానిలో బలమైన తూటాలు వాడినచో, ఆ తన్నుకు తక్కిన తూటాలలోని గుండ్లు ముందుకు జరిగి సిలిండరును తిరుగనీయకపోవచ్చును. నమ్మకమైనదని కొన్న ఆయుధము అక్కరకు రాకపోవును.

నిర్భీక్ .32 బోరుది గనుక తన్ను అంత తీవ్రము కాదు. గుండు బలమును అంత హెచ్చు కాదు.

గొట్టము రెండంగుళములే ఉన్న పొట్టి రివాల్వరులలో మరి కొన్ని చిక్కులున్నవి. తుపాకిమందు పూర్తిగా కాలకముందే గుండు వెలువడును. వేగము తగ్గును, మెరుపును మ్రోతయు హెచ్చును. గురిచూచు రెండు గుర్తుల నడుమ ఎడము తక్కువగుటచే చేతి చిన్న వణుకైనను గురి తప్పించును. ట్రిగ్గరు నొక్కుటకు నాలుగైదు కిలోల బలము కావలెను. తేలిక తుపాకి ఆ బలమునకే చేతిలో కదలును. చేయి నొచ్చునదానితో ఎవరును అభ్యాసము చేయరు. అభ్యాసము లేనివారికి ఏ ఆయుధమును రక్ష కాదు.

ఇంటిలో పిల్లలున్నవారు మరియొకటి గమనింపవలెను. పెద్దలకు తేలికయైన వస్తువు పసివానికిని తేలికయే. కనుక దానిని తాళము వేసి ఉంచవలెను. తూటాలను వేరుచోట దాచవలెను.

1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము అనుమతి లేక తుపాకిని ఉంచుకొనుట నేరము. 2019 సవరణతో సాధారణముగా ఒకరు రెండింటికి మించి ఉంచుకొనరాదు. 2016 నియమములు ఆయుధ భద్రతా శిక్షణను కూడ పేర్కొన్నవి.

అనుమతి పొందినవారికి మా సలహా ఇది. కొనుటకు ముందు, శిక్షకుని సమక్షమున, ఉక్కుదానిని, తేలికదానిని రెంటిని కాల్చి చూడుడు. వరుసగా ఆరు తూటాలు కాల్చిన పిమ్మటను చేయి వణకక గురి నిలిచినదేదో దానినే ఎన్నుకొనుడు. నెలకొకసారియైనను అభ్యాసము చేయుటకు తీరికగాని, స్థలముగాని లేనివారు ఆ సొమ్మును బలమైన తలుపునకు, మంచి తాళమునకు, వీధిదీపము వెలుగునట్లు చూచుటకు వెచ్చించుట మేలు.