విక్టోరియా కాలపు ఆంగ్ల గ్రామము

ఆంగ్ల గ్రామమనగానే మనలో పలువురకు ఒక చిత్రము కన్నులకు గట్టును. పచ్చిక బయలు, తీగెలల్లుకొనిన రాతి చర్చి, దాని ప్రక్కనే సాధువైన పాదిరిగారి ఇల్లు. ఈ చిత్రము మనకు నవలల మూలమున అబ్బినది. గోల్డ్‌స్మిత్ 1766లో ప్రకటించిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ నుండి ప్రేరణ పొంది వీరేశలింగము పంతులుగారు ‘రాజశేఖర చరిత్రము’ను రచించి 1880లో గ్రంథముగా వెలువరించిరి. ఆ పాదిరి గోదావరి తీరమున ధవళేశ్వరపు గృహస్థుడై మన ముందు నిలిచెను. కనుక ఆ పల్లె మనకు దూరపు చుట్టమే. ఆ చిత్రము అబద్ధమని మేము అనము. అయితే విక్టోరియా రాణి పాలించిన 1837–1901 సంవత్సరముల నడుమ, ఆ చర్చి నీడను కూలివాడు తలదాచుకొనుటకు ఒక గూడు దొరకుట ఎంత దుర్లభమయ్యెనో, దానికి కారణమేమో చెప్పవలెనని మా ఉద్దేశము.

ఒక చర్చికి, ఒక పాదిరికి చెందిన ప్రాంతము పారిష్. మన కతోలిక క్రైస్తవులు దీనిని విచారణ అందురు. ఇంగ్లండు, వేల్సులలో కలిపి ఇట్టివి పదివేలకు పైగా ఉండెను. అచ్చట పారిష్ కేవలము మతవిషయము కాదు. ప్రభుత్వమునకు అట్టడుగు మెట్టు కూడ అదియే. బాప్తిస్మములను, వివాహములను, ఖననములను పుస్తకమున వ్రాసి యుంచవలెనని 1538లోనే ఆజ్ఞ వెలువడెను. 1754 నుండి వధూవరులు ఆ పుస్తకమున చేవ్రాలు చేయవలసి వచ్చెను. మన పల్లెలలో వేలిముద్ర వేసినట్లు, అక్షరము రానివాడు అచ్చట అడ్డగీత నిలువుగీత కలిపి ఒక గుర్తు పెట్టెడివాడు. 1837 జూలై 1 నుండి జననమరణముల లెక్క సర్కారు రిజిస్ట్రారుల చేతికి వచ్చినను చర్చి పుస్తకములు మాత్రము ఆగలేదు.

పాదిరికి జీవనము పొలము నుండియే. పంటలో పదవ వంతు, అనగా దశమభాగము, చర్చికి చెల్లవలెను. ధాన్యము, ఎండుగడ్డి వంటి పెద్ద భాగములు పొందువాడు రెక్టరు; చిన్న భాగములతో సరిపెట్టుకొనువాడు వికారు. పాదిరి మనుష్యులు కళ్ళము వద్దకు వచ్చి పదవ పన కొనిపోవుచుండగా రైతుకు భక్తి ఎట్లు నిలుచును? ఈ తగవు తీర్చుటకై 1836లో శాసనము చేసి, గోధుమ, బార్లీ, ఓట్ల ఏడేండ్ల సగటు ధరను బట్టి రొక్కము చెల్లించు పద్ధతి పెట్టిరి. అందులకై గీచిన పటములలో ఒక్కొక్క చేను ఎవరిది, ఎవరు దున్నుచున్నారు, ఎన్ని ఎకరములు అను వివరములన్నియు కలవు. 1870 తరువాత అమెరికా గోధుమ చౌకగా వచ్చిపడి ధరలు దిగజారగా, పాదిరుల రాబడియు రైతుల రాబడితో పాటే క్రుంగిపోయెను.

ఇక బీదల సంగతి. ఏ పారిష్ బీదలను ఆ పారిషే పోషింపవలెనని 1601 నాటి చట్టము. అందులకు భూముల మీద బీదల పన్ను విధించి, పంచిపెట్టుటకు ఓవర్సీయరులను నియమించిరి. ఈ ఓవర్సీయరు మన రోడ్లు, కాలువల ఓవర్సీయరు కాడు. ఊరిలో ఏటేట నియమింపబడు గృహస్థు. ఎవడు ఏ పారిష్‌కు చెందినవాడు అను వివాదములను తీర్చుటకు 1662లో మరియొక చట్టము వచ్చెను. పరాయి పారిష్ బీదను బండి నెక్కించి అతని ఊరికి మరల పంపవచ్చును. 1834లో పారిషులను కొన్నింటిని చేర్చి యూనియనులు చేసి, యూనియనుకొక వర్క్‌హౌస్ ఏర్పరచిరి. ఆశ్రయము కోరినవాడు అందులో చేరవలెను. చేరగానే భర్త ఒకవైపు, భార్య ఒకవైపు, బిడ్డలు వేరొకవైపు. ఆండోవరు వర్క్‌హౌస్‌లో ఎరువుకై ఎముకలు దంచు పనిలో పెట్టబడినవారు ఆకలికి తాళలేక ఆ ఎముకలలోని మూలుగు తినిరని 1845లో బయటపడి దేశమెల్ల అట్టుడికెను.

అయితే అసలు చిక్కు వేరొకచోట నున్నది. యూనియను ఏర్పడినను, తన బీదల ఖర్చు తానే భరింపవలసిన భారము ప్రతి పారిష్ మీదను నిలిచియే యుండెను. ఊరంతయు ఒక్క భూస్వామిదే అయినచో అతడేమి చేయును? కూలివాడు ఊరిలో కాపురముండినగదా రేపు ముసలివాడై, రోగియై పన్నుకు బరువగును! కనుక కుటీరములు క్రొత్తగా కట్టనీయడు; పాతవి కూలినచో బాగుచేయడు; కొన్నిచోట్ల తానే పడగొట్టించును. వీటికి మూసిన పారిషులని పేరు. చూచుటకు అవి ముచ్చటగా నుండును: పది ఇండ్లు, పూలతోటలు, చక్కని చర్చి. ఆ పొలములు దున్నువారు మాత్రము దూరమున తెరచిన పారిష్‌లో, చిల్లర యజమానుల కొంపలలో, ఒక్క గదిలో ఇంటిల్లిపాదియు క్రిక్కిరిసి యుండి, ఉదయము మైళ్ళు నడచి పనికి వచ్చి, చీకటిపడిన పిదప మైళ్ళు నడచి పోవుచుండిరి. నవలలలోని అందమైన పల్లె కొంతవరకు ఈ విధముగా ఖాళీచేయబడిన పల్లెయే అని తెలిసినప్పుడు మాకు మనసు చివుక్కుమన్నది.

నార్ఫోకులోని కాసిల్ ఏకరు ఇట్టి తెరచిన గ్రామము. అచ్చటి స్త్రీలను, పిల్లలను ముఠాలుగా కట్టి, మేస్త్రీ ఒకడు చుట్టుప్రక్కల పొలములకు తోలుకొని పోవుచుండెను. ఎనిమిదేండ్లలోపు పిల్లలను ఈ ముఠాలలో పెట్టరాదని 1867లో గాని చట్టము రాలేదు. బీదల ఖర్చును పారిష్ మీదినుండి తీసి యూనియను అంతటికి పంచినది 1865 నాటి శాసనము. దానితో గుడిసెలు పడగొట్టుటలో లాభము పోయెను. అంతమాత్రమున ఇండ్లు లేచినవా? లేచినచోట కూడ పలుమార్లు ఇల్లు పనికి ముడిపడి యుండెను. పని పోయిననాడు ఇల్లును ఖాళీ చేయవలసినదే.

వారిక్‌షైరులోని బార్‌ఫర్డ్ గ్రామమున 1826లో పుట్టిన జోసెఫ్ ఆర్చి 1898లో ప్రకటించిన స్వీయచరిత్రలో ఒక సంగతి చెప్పినాడు. ఏడేండ్ల వయసున చర్చి తలుపు తాళపుసందు గుండ లోపలికి తొంగిచూచెనట. ప్రభుభోజనమునకు ముందుగా భూస్వామి నడచెను, పిదప కౌలురైతులు, పిదప అంగడివారు, వడ్రంగి, కమ్మరి, అందరికన్న కడపట కూలివారు. దేవుని ముంగిటను వరుస తప్పలేదు. ఆ బాలుడే 1872 ఫిబ్రవరి 7న వెల్స్‌బోర్నులో చెట్టుక్రింద నిలిచి కూలివారిని సంఘముగా కట్టెను. మరుసటి ఏట ఆస్కాట్ గ్రామపు స్త్రీలు పదునారుగురు, సమ్మెకు మారుగా వచ్చిన కూలీలను అడ్డగించిరని, కొందరు చంటిబిడ్డలతోనే, జైలు పాలైరి. శిక్ష వేసిన మేజిస్ట్రేటు లిద్దరును పాదిరులే.

కాని పాదిరులందరిని ఒక్క గాటికి కట్టుట న్యాయము కాదు. డెవన్‌లో హాల్బర్టన్ వికారు ఎడ్వర్డ్ గర్డిల్‌స్టోన్, తన ఊరి కూలివారికి వారమునకు ఎనిమిది తొమ్మిది షిల్లింగులే దక్కుట చూచి, 1866 నుండి వందలకొలది కుటుంబములను కూలి హెచ్చుగా నున్న ఉత్తర జిల్లాలకు పంపించెను. ఊరి దాటి ఎరుగని ఆ జనులకు ప్రయాణపు ఏర్పాట్లన్నియు తానే చూచెను. కౌలురైతులు ఆయనపై కత్తి కట్టిరి. పల్లెబడులు పెక్కు పాదిరుల పూనికతోనే నడచినవి. సంగీతప్రియులైన శ్రోతల కొరకు ఒక మాట: చర్చి అటుకమీద కూర్చుండి ఫిడేలు వాయించు గ్రామ వాద్యబృందములను తొలగించి హార్మోనియము, ఆర్గను తెచ్చినవారును ఆ పాదిరులే. ఆ మార్పునే థామస్ హార్డీ 1872లో ఒక నవలకు వస్తువు చేసికొనెను. ఆయన తండ్రి, తాత అట్టి వాద్యకారులే.

1884లో పల్లె కూలివానికి ఓటు వచ్చెను; 1885లో ఆర్చి పార్లమెంటు సభ్యుడయ్యెను. 1894 నాటి శాసనము పారిష్ వ్యవహారములను చర్చినుండి విడదీసి, ఎన్నికైన పారిష్ కౌన్సిళ్ళకు అప్పగించెను. కూలివాడు నిలువవచ్చును, స్త్రీ నిలువవచ్చును. కూరతోటలకై కౌన్సిలు నేలను బలవంతముగా నైనను కౌలుకు తీసికొనవచ్చును. ఆ శాసనములో చిన్న నియమ మొకటి కలదు: పారిష్ సభ సాయంకాలము ఆరు గంటలకు ముందు ప్రారంభింపరాదు. పొలమునుండి మరలివచ్చి, కాళ్ళు కడుగుకొని, కూలివాడు కూడ వచ్చి కూర్చుండుటకు అప్పటికి వీలగును. ఇంగ్లండులో ఆ నియమము నేటికిని అమలులో నున్నది.