శస్త్రచికిత్సకు ముందు బి12 విటమిను లోపమును సరిదిద్దుకొనుట

తపతీ నదీతీరమున నున్న సూరతు నగరము వస్త్రములకును, జరీపనికిని పేరుగాంచినది. బ్రతుకుతెరువు వెదకికొనుచు తెలంగాణ జిల్లాలనుండి వెడలిన పద్మశాలి కుటుంబములు పెక్కు అచ్చటి మరమగ్గముల శాలలలో కొన్ని తరములుగా పనిచేయుచున్నవి. లింబాయతు, ఉధనా ప్రాంతములలో తెలుగు మాట తరచుగా చెవిని బడుచుండును.

అట్టి కుటుంబములోని నడివయసు నేతగాని నొకనిని ఊహింపుడు. అతని పిత్తాశయములో రాళ్లున్నవనియు, శస్త్రచికిత్స చేయవలెననియు వైద్యులు చెప్పిరి. కొన్ని నెలలుగా అతని పాదములు తిమ్మిరి ఎక్కుచున్నవి. కాలి చెప్పు జారిపోయినను తెలియుట లేదు. చీకటిలో మెట్లు దిగునప్పుడు అడుగు తడబడుచున్నది. నాలుక మండుచున్నది. పగలంతయు మగ్గము కడ నిలుచుటచేతనే కాళ్లు ఇట్లైనవని అతని నమ్మకము. కడుపునొప్పికి వచ్చినవాడు కాళ్ల సంగతి ఎందుకు చెప్పవలెనని ఆ మాట వైద్యునితో అనడు. చెప్పకుండుటలోనే ప్రమాదము పొంచియున్నది.

ఆ తిమ్మిరికి కారణము బి12 విటమిను లోపము కావచ్చును. ఈ విటమిను రక్తకణముల నిర్మాణమునకును, నరములపై నుండు పొర చెడకుండుటకును అవసరము. పెద్దవారికి దినమునకు సుమారు 2 మైక్రోగ్రాములు చాలును. ఇది మాంసము, చేపలు, గ్రుడ్లు, పాలు, పెరుగులలో దొరకును. ధాన్యములలోను, కూరగాయలలోను సహజముగా ఉండదు. కాలేయములో నిలువ ఉన్నంతకాలము, అనగా కొన్ని సంవత్సరముల వరకు, లోపము బయటపడకపోవచ్చును. శాకాహారులు, వయసు మీరినవారు, జీర్ణాశయమునందుగాని చిన్నప్రేగు చివరి భాగమునందుగాని శస్త్రచికిత్స జరిగినవారు, మధుమేహమునకు మెట్‌ఫార్మిను మాత్రలు చిరకాలము వాడువారు, కడుపులో ఆమ్లమును తగ్గించు మాత్రలు ఏండ్లతరబడి మ్రింగువారు ఈ లోపమునకు సులభముగా లోనగుదురు. మాంసము తినువారైనను నెలకొకసారి మాత్రమే తిని, మిగిలిన దినములు అన్నము, పచ్చడి, చాయతో గడుపుచున్నచో వారికిని ఇది రావచ్చును.

ఈ జబ్బు చరిత్రలో మన దేశమునకును, ఒక తెలుగువానికిని స్థానము కలదు. సూరతునకు దక్షిణమున నున్న బొంబాయిలో, వస్త్ర పరిశ్రమలో పనిచేయు గర్భిణీ స్త్రీల రక్తహీనతను ఇంగ్లండు దేశపు వైద్యురాలు లూసీ విల్స్ పరిశీలించి, ఈస్టు సారముతో అది నయమగునని 1931లో ప్రకటించినది. అందలి పోషకమే తరువాత ఫోలిక్ ఆమ్లమను పేర తెలియవచ్చినది. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలవారు దానిని కృత్రిమముగా తయారుచేసి 1945లో లోకమునకు తెలిపిరి. బి12 విటమినును 1948లో అమెరికాలోను, ఇంగ్లండులోను శాస్త్రజ్ఞులు వేరుపరచిరి. దాని అణు నిర్మాణమును తేల్చిన డొరోతీ హాడ్జ్‌కిన్‌కు 1964లో నోబెల్ బహుమానము లభించినది.

ఈ రెండు మందులకు గల భేదమును ప్రజలు గుర్తింపవలెను. బి12 లోపమున్న రోగికి ఫోలిక్ ఆమ్లమును మాత్రమే ఇచ్చినచో రక్తము బాగుపడినట్లు కనిపించును గాని నరముల చేటు లోలోపల సాగుచునే యుండును. కావున రక్తము పట్టుటకని అంగడిలో మాత్రలు కొని వాడుట తగదు.

శస్త్రచికిత్సకును ఈ లోపమునకును గల సంబంధము రెండు విధములు. రక్తహీనత ఉన్న శరీరము శస్త్రచికిత్సలో కలుగు రక్తనష్టమును తట్టుకొనుట కష్టము. రక్తము ఎక్కింపవలసిన అవసరము పెరుగును. రెండవది మత్తుమందునకు సంబంధించినది. స్పృహ తప్పించుటకు వాడు వాయువులలో నైట్రస్ ఆక్సైడు ఒకటి. అది బి12లోని కోబాల్టును మార్చి, విటమినును పనికిరానిదిగా చేయును. డెన్మార్కులో ధనుర్వాత రోగులకు ఈ వాయువును దినములతరబడి ఇచ్చినప్పుడు వారి ఎముకలలోని మజ్జ రక్తకణములను తయారుచేయు శక్తిని కోల్పోయినదని 1956లో వెల్లడియైనది. ఆరోగ్యవంతునికి కొన్ని గంటలు ఇచ్చినంతమాత్రమున సాధారణముగా హాని కలుగదు. కాని ముందే నిలువలు తరిగిపోయిన వానికి, శస్త్రచికిత్స జరిగిన కొన్ని వారములకు కాళ్లు బలహీనపడి, వెన్నుపాము దెబ్బతిన్న సందర్భములు వైద్యులకు తెలిసినవే. అవి అరుదైనను, ముందుగా తెలిసినచో నివారింపదగినవి. ఈ వాయువు లేకుండ మత్తునిచ్చు పద్ధతులు మత్తువైద్యునికి పెక్కు కలవు.

కావున శస్త్రచికిత్స నిశ్చయమైన నాడే రోగి కొన్ని సంగతులు చెప్పవలెను: కాళ్లు చేతులలో తిమ్మిరి, నడకలో తూలుట, నాలుక మంట, మతిమరుపు, ఆయాసము; తినునది ఏమి, తిననిది ఏమి; వాడుచున్న మాత్రలన్నియు; పూర్వము జరిగిన శస్త్రచికిత్సలు. మాత్రల పేర్లు జ్ఞాపకము లేనిచో అట్టలను సంచిలో వేసికొని పోవుట మేలు. భాష అడ్డమైనచో, సూరతులో చదువుకొన్న బిడ్డనొకరిని వెంట తీసికొనిపోవలెను. గుజరాతీలో తిమ్మిరిని ‘ఖాలీ చఢవీ’ యందురు. ఈ ఒక్క మాట తెలిసియున్నను ఉపయోగమే. నగరమున ప్రభుత్వ వైద్యకళాశాలకు అనుబంధమైన న్యూ సివిల్ ఆసుపత్రియు, నగరపాలక సంస్థవారి స్మిమేర్ ఆసుపత్రియు కలవు.

తరువాత రక్తపరీక్ష. హిమోగ్లోబిను పురుషులలో 13 గ్రాములకు, గర్భిణులు కాని స్త్రీలలో 12 గ్రాములకు తక్కువైనచో దానిని రక్తహీనతగా ఎంచుదురు. ఈ లెక్క 100 మిల్లీలీటర్ల రక్తమునకు. బి12 లోపమున ఎఱ్ఱకణములు సాధారణముగా పెద్దవగును. కాని ఇనుము లోపము కూడ తోడైనచో కణముల పరిమాణము మామూలుగానే కనిపింపవచ్చును. రక్తహీనత లేకుండనే నరములు చెడుటయు కలదు. కావున తిమ్మిరి ఉన్నవారికి బి12 పరీక్ష విడిగా చేయుట యుక్తము. ఇంజక్షను తీసికొనుటకు పూర్వమే పరీక్షకు రక్తము ఇయ్యవలెను; తరువాత ఇచ్చినచో లెక్క తారుమారగును.

లోపము తేలినచో చికిత్స కష్టమైనది కాదు, ఖరీదైనదియు కాదు. సాధారణముగా 1000 మైక్రోగ్రాముల ఇంజక్షనులు మొదట దగ్గరదగ్గరగా, పిదప ఎడమెడముగా ఇత్తురు. ఎన్ని ఇయ్యవలెనో వైద్యుడే నిర్ణయించును. వారము దినములలోనే క్రొత్త రక్తకణములు పుట్టుట కనిపించును. హిమోగ్లోబిను మామూలు స్థితికి వచ్చుటకు 6 నుండి 8 వారములు పట్టవచ్చును. నరములు కోలుకొనుటకు నెలలు కావలెను. ఆలస్యము చేసినకొలది కొంత చేటు శాశ్వతముగా నిలిచిపోవచ్చును.

ఆగుటకు వీలైన శస్త్రచికిత్స అయినచో ఈ కొన్ని వారముల వ్యవధి వృథా కాదు. కూలి పోవునని తొందరపడి లోపముతోనే బల్ల ఎక్కినవాడు, తరువాత మగ్గము కడ నిలువలేక నెలలతరబడి కూలి పోగొట్టుకొనవచ్చును. అయితే ప్రాణమునకు ముప్పు తెచ్చు జబ్బులో విటమిను కొరకు శస్త్రచికిత్సను వాయిదా వేయరాదు. అట్టియెడ ఇంజక్షను వెంటనే ప్రారంభించి, తగిన మత్తును ఎన్నుకొని, వైద్యులు పని జరుపుదురు. ఏది ఆగదగినదో, ఏది ఆగరానిదో వైద్యులే తేల్చవలెను.

వెన్నులో సూదితో మత్తు నిచ్చునప్పుడును కాళ్ల తిమ్మిరిని ముందుగా చెప్పి వ్రాయించుకొనవలెను. లేనిచో పాత తిమ్మిరి ఏదో, క్రొత్తది ఏదో తరువాత తెలియకపోవును. శస్త్రచికిత్సకు 6 గంటల ముందునుండి అన్నముగాని, పాలుగాని, పాలు కలిపిన చాయగాని పుచ్చుకొనరాదు. మంచినీటిని సాధారణముగా 2 గంటల ముందు వరకు త్రాగనిత్తురు; అయినను ఆసుపత్రివారు చెప్పిన వేళయే ప్రమాణము.

ఇంటికి వచ్చిన పిదప ఇంజక్షనులను మానరాదు. కొన్ని వారములలో కాళ్లు క్రొత్తగా మొద్దుబారినను, నడక తప్పినను వెంటనే ఆసుపత్రికి పోయి, శస్త్రచికిత్స సంగతిని, విటమిను సంగతిని కలిపి చెప్పవలెను. తినువారు గ్రుడ్లు, చేపలు తినవచ్చును. తిననివారు పాలు, పెరుగులను నిత్యము తీసికొనుచు, వైద్యుడు చెప్పిన మాత్రలను వాడవలెను. ప్రేగులు విటమినును గ్రహింపలేని వారికి ఆహారముతోనే లోపము తీరదు. వారికి మందు జీవితాంతము అవసరము కావచ్చును.

మగ్గముపై నూలును ఎక్కించుటకు ముందు నేతగాడు తెగిన పోగులను చూచి అతుకును. ఆ పని విడిచినచో బట్టయంతయు చెడునని అతనికి తెలియును. శస్త్రచికిత్సకు పోవుటకు ముందు తన శరీరమును గూర్చియు అదే శ్రద్ధ వహించి, పాదముల తిమ్మిరిని గూర్చి వైద్యునితో ఒక్క మాట చెప్పినచో అతడు తిరిగి తన కాళ్లపై నిలిచి మగ్గము నడుపగలడు.