రెండు పిల్లులు – ఒక ఇల్లు

పిల్లలూ! మీ ఇంట్లో ఒక పెద్ద పిల్లి ఉన్నదనుకోండి. పల్లెటూరినుంచి మీ అమ్మమ్మ మీతో ఉండటానికి వస్తూ, తన పిల్లిని కూడా బుట్టలో పెట్టి తెచ్చింది. బుట్ట మూత తీశారో లేదో, రెండూ వీపులు పైకి వంచి, తోకలు ఉబ్బించి, బుస్సుమన్నాయి. "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఒకదాన్ని గోనెసంచిలో వేసి ఊరిచివర వదిలేద్దాం," అంటారు ఎవరో. అలా వదిలిన ఇంటిపిల్లి తిండి దొరకకనో, కుక్కల బారినపడో చచ్చిపోవచ్చు. ఓర్పు ఉంటే ఆ పాపం చెయ్యనక్కరలేదు.

అసలవి ఎందుకు పోట్లాడుకుంటాయి? మన ఇంటిపిల్లులు ఆఫ్రికా అడవిపిల్లి సంతతివని 2007లో శాస్త్రజ్ఞులు జన్యువులను పరీక్షించి తేల్చారు. ఆ అడవిపిల్లి సింహాల్లాగా గుంపుగా వేటాడదు, ఒంటరిగా వేటాడుతుంది. ఒక ఎలుక ఒక పిల్లికే చాలదు గదా! అందుచేత తన చోటుకు ఇంకొకటి వస్తే సహించదు. ఆ గుణం మన పిల్లికీ ఉన్నది.

పిల్లి తలుపుకూ, మంచంకోడుకూ, మీ కాళ్ళకూ చెంపలు రాయటం మీరు చూసే ఉంటారు. దాని చెంపల్లోని గ్రంథులనుంచి ఒక వాసన అక్కడ అంటుతుంది. "ఇది నా చోటు" అనటానికి అదే గుర్తు. కనుక పిల్లుల స్నేహం ముందు ముక్కుతో మొదలుకావాలి, కళ్ళు తరవాత.

కొత్త పిల్లిని కొన్నాళ్ళు వేరే గదిలో ఉంచండి. తిండి, నీళ్ళు, ఇసుకతొట్టి అక్కడే పెట్టండి. ఒకదాని పక్కగుడ్డను రెండోదాని దగ్గర వేయండి. వాసన చూసి బుసకొట్టకుండా ఉంటే, మూసిన తలుపుకు చెరొకవైపునా వాటికి ఇష్టమైన తిండి పెట్టండి. అవతలి వాసన రాగానే మంచి తిండి దొరుకుతుందని రెండూ నేర్చుకుంటాయి. ఆ తరవాత జాలీ తలుపులోనుంచి చూసుకోనివ్వండి. చివరకు పెద్దవాళ్ళ ఎదుట కాసేపు కలవనివ్వండి. చెవులు వెనక్కు వాల్చి, రెప్పవేయకుండా చూస్తున్నాయంటే వెంటనే విడదీసి, మళ్ళీ వెనకటి మెట్టునుంచి మొదలుపెట్టండి. దీనికి వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు. కొట్టటం మాత్రం పనికిరాదు. ఆ దెబ్బకు రెండోపిల్లే కారణమని అది అనుకుంటుంది.

కలిసిన తరవాత కూడా పళ్ళాలు వేరువేరు చోట్ల ఉండాలి. ఇసుకతొట్లు రెండు పిల్లులకు మూడు ఉంటే మంచిది. ఎక్కి కూర్చోవటానికి ఎత్తయిన బల్లలు కూడా ఉండాలి.

తల్లిదండ్రులకు ఒక మాట: పిల్లులు పోట్లాడుతుంటే ఎవరూ మధ్య చెయ్యి పెట్టకూడదు; అట్టముక్కో, దిండో అడ్డం పెట్టండి. పిల్లి కరిచినా, రక్కినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళకింద 15 నిమిషాలు కడిగి, వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకుపోండి. రేబిస్ వ్యాధి పిల్లివల్ల కూడా వస్తుంది. రెండు పిల్లులకూ పశువైద్యునిచేత టీకాలు వేయించండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయిస్తే పోట్లాటలు కూడా తగ్గుతాయి.

కొన్ని పిల్లులు ఒకదానినొకటి నాకుకుంటూ ఒకేచోట పడుకుంటాయి. కొన్ని జన్మలో అంత స్నేహం చెయ్యవు. ఇరుగుపొరుగువారిలాగా ఎవరి మూల వారు చూసుకుంటాయి. అదీ చాలు. పిల్లలూ, ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి, ఏ రోజున ఎన్నిసార్లు బుసకొట్టాయో రాస్తూ రండి. ఆ లెక్క తగ్గుతూ ఉంటే అమ్మమ్మకు చూపించండి.