మూసీలో పడవ షికారా? ముందు నీరు, తర్వాత తెడ్డు!

పడవలో కూర్చుని తెడ్డు వేయడం చాలా మంచి వ్యాయామం. భుజాలు, వీపు, పొట్ట కండరాలు అన్నీ ఒకేసారి పనిచేస్తాయి. గుండెకూ ఊపిరితిత్తులకూ బలం చేకూరుతుంది. మోకాళ్ళ నొప్పులతో ఎక్కువ దూరం నడవలేనివారు కూడా కూర్చునే చేయవచ్చు. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట తెడ్డు వేస్తే ఆ లెక్క సరిపోతుంది.

అలాంటప్పుడు హైదరాబాదు నడిబొడ్డున ఉన్న మూసీలో పడవలు తిరిగితే ఎంత బాగుంటుంది! ఒడ్డున తోటలు, నడకదారులు, నీటిలో షికార్లు అన్న మాట చాలా ఏళ్ళుగా వింటున్నాం. 2017లో ఈ పనికోసం ప్రత్యేకంగా ఒక సంస్థనే ఏర్పాటు చేశారు. ఆలోచన మంచిదే. కాని తెడ్డు వేసేవాడి చేతులు తడవకుండా ఉండవు, ముఖంమీద తుంపరలు పడకుండా ఉండవు. ఒక్కొక్కప్పుడు పడవ బోల్తా కొట్టి రెండు గుక్కలు మింగడమూ జరుగుతుంది. కనుక మొదట అడగవలసిన ప్రశ్న ఒకటే: ఆ నీళ్ళు మన ఒంటిమీద పడవచ్చా?

మూసీ ఎందుకిలా అయింది?

వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టే ఈ నది వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. దీనిమీద 1578లో పురానాపూల్ కట్టారు. 1591లో దీని ఒడ్డునే హైదరాబాదు నగరం వెలిసింది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహామీద ఎగువన జలాశయాలు కట్టారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నగరానికి వరద భయం తగ్గింది, తాగునీరు దొరికింది.

అయితే మంచినీరు ఎగువనే ఆగిపోతుంది. దిగువన ఊరు పెరిగింది, మురుగు కాలువలు వచ్చి నదిలో కలిశాయి. అంబర్‌పేట, నాగోలు వంటి చోట్ల శుద్ధి కేంద్రాలు ఉన్నా, వాటిదాకా చేరని మురుగు నేరుగా నదిలోకే పోతోంది. వానాకాలం దాటితే ఊళ్ళో మనకు కనిపించే ప్రవాహంలో ఎక్కువ పాలు ఈ మురుగే.

పారే నీటికి దోషం లేదా?

ఇది చాలామందిలో ఉన్న అపోహ. పారే నీటికి తనను తాను శుభ్రం చేసుకునే గుణం కొంత ఉన్నమాట నిజమే. కాని దానికి నీటిలో ప్రాణవాయువు ఉండాలి. మురుగు ఎక్కువైతే ఆ ప్రాణవాయువంతా దాన్ని కుళ్ళబెట్టడానికే ఖర్చయిపోతుంది. మన దేశంలో స్నానానికి పనికివచ్చే నదీజలానికి కొలతలు ఉన్నాయి. లీటరు నీటిలో కరిగిన ప్రాణవాయువు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. 100 మిల్లీలీటర్లలో కోలిఫారం క్రిములు 500కు మించకూడదు. వాసన రానంతమాత్రాన నీరు మంచిదనుకోకండి. క్రిములు కంటికి కనబడవు.

ఏయే జబ్బులు వస్తాయి?

మురుగు కలిసిన నీరు నోట్లోకి పోతే విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు రావచ్చు. ఎలుకల మూత్రం కలిసిన నీరు చర్మంమీది గాయాలకు తగిలితే ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్, పట్టుకుంటుంది. సాధారణంగా వారం, రెండు వారాల్లో తీవ్రమైన జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళ ఎరుపు కనిపిస్తాయి. ముదిరితే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. తొలిదశలో గుర్తిస్తే మందులకు లొంగుతుంది.

ఇక్కడ మరొకరినీ తలచుకోవాలి. మనం షికారుకు గంటసేపు వెళ్తాం. దిగువన మూసీ నీటితో పశువుల గడ్డి పెంచే రైతులు రోజంతా ఆ తడిలోనే నిలబడతారు. వారిలో కొంకి పురుగుల బెడద ఎక్కువని పరిశోధకులు గుర్తించారు. నీరు బాగుపడితే మొదటి మేలు వారికే.

బాగుపడిన నది ఉందా?

ఉంది. అమెరికాలో బోస్టన్ నగరంలోని ఛార్లెస్ నదికి 1995లో ప్రభుత్వం ఇచ్చిన మార్కు ‘డి’. దొంగచాటుగా నదిలో కలిసే మురుగు గొట్టాలను వెతికి మూయించారు. వానకు పొంగి నదిలో పడే మురుగును తగ్గించారు. 2013లో అక్కడ జనం మళ్ళీ సరదాగా ఈతకు దిగారు. ఇప్పటికీ నీరు బాగాలేని రోజున పడవల రేవులో ఎర్రజెండా ఎగరేస్తారు. అక్కడ మీ పిల్లలుంటే అడిగి చూడండి. మురుగు ఆపకుండా ఒడ్డున పూలమొక్కలు నాటితే అది పైన పటారం, లోన లొటారమే అవుతుంది.

పడవ ఎక్కేవారికి సలహాలు

మూసీ అనే కాదు, ఏ నదిలోనైనా, చెరువులోనైనా ఇవి పాటించండి.

- నీటిని ఎప్పుడు పరీక్షించారో, ఫలితం ఏమిటో రేవులో అడగండి. జవాబు లేకపోతే ఒడ్డున నడిచి వచ్చేయండి.
- పెద్దవాన పడ్డాక రెండు మూడు రోజులు నీటి జోలికి పోవద్దు.
- ఒంటిమీద పుండ్లు, గాయాలు, చెవిలో చీము ఉన్నవారు మానుకోవాలి. మధుమేహం ఉన్నవారు పాదాలను ముందుగా పరీక్షించుకోవాలి.
- మూర్ఛ, గుండెజబ్బు ఉన్నవారు డాక్టరు అనుమతి లేనిదే తెడ్డు పట్టకూడదు.
- ఈత వచ్చినా సరే, లైఫ్ జాకెట్ బిగించి కట్టుకోండి. 2017లో కృష్ణలో ఫెర్రీ దగ్గర, 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన ఘోరాలు మరువరానివి.
- దిగగానే సబ్బుతో చేతులు కడుక్కోండి. అంతవరకు ఏమీ తినవద్దు. ఇంటికి రాగానే స్నానం చేయండి.

నెల రోజులలోపు జ్వరం వస్తే సొంతవైద్యం చేసుకోకండి. డాక్టరుగారితో “నది నీళ్ళలో తిరిగి వచ్చాను” అని తప్పక చెప్పండి. ఆ ఒక్క మాట వల్ల ఆయన సరైన పరీక్ష త్వరగా చేయించగలుగుతారు.