రంపపు చేప – తూనీగ

వాన వెలిశాక మన గ్రౌండు మీద తిరిగే పసుపు తూనీగ అందరికీ తెలుసు. రంపపు చేపను మనలో ఎవ్వరం చూసి ఉండం. రెండూ జంతువులే, చుట్టరికం అంతటితో సరి.

తూనీగ ఆర్థ్రోపొడా వర్గంలో కీటకం. రంపపు చేప కార్డేటాలో మృదులాస్థి చేప. చూడ్డానికి సొరలా ఉన్నా మొప్ప చీలికలు అడుగువైపు ఉంటాయి, అందుకే అది చాటలాంటి టేకు చేపల కోవలోది. (పరీక్షలో సొర అని రాయకండి!)

ఐ.యు.సి.ఎన్. ఎర్ర జాబితాలో ఈ తూనీగకు ముప్పు తక్కువ. వాన గుంటలోనే గుడ్లు పెడుతుంది, నెలా రెండు నెలల్లో పిల్లకు రెక్కలొస్తాయి. అలాగని తోకకి దారం కట్టకండి!

6 మీటర్లు పెరిగే పెద్ద రంపపు చేప మాత్రం అంతరించే అంచున ఉంది. కనే పిల్లలు తక్కువ, రంపం వలలో ఇరుక్కుంటే రాదు. మన దేశంలో 2001 నుంచి దాన్ని పట్టడం నేరం. కానీ వల దాని కోసమే వేయరు గదా, అదీ చిక్కు.