పొద్దు గుంకక ముందే గుప్పెడు గింజలు

ఆదిలాబాద్ పల్లెల్లో, అరకు, లంబసింగి మన్యంలో డిసెంబరు, జనవరి రాత్రుల ఉష్ణోగ్రత 10 డిగ్రీల కన్నా తగ్గడం మామూలే. మనం దుప్పటి కప్పుకుంటాం. పెరట్లోని కోడికి దుప్పటి దాని ఈకలే, కుంపటి దాని కడుపులోని మేతే. దాని ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలు. తెల్లవార్లూ ఆ వేడిని నిలుపుకోవడానికి అది సాయంత్రం తిన్నదే ఆధారం.

చీకటి పడ్డాక కోడికి చూపు ఆనదు, గింజ ఏరుకోలేదు. అందుకే పొద్దు గుంకడానికి గంట ముందే మొక్కజొన్న నూకలో, జొన్నలో, సజ్జలో చల్లాలి. అవి మెడ కింది మేతసంచిలో నిండి, రాత్రి కొద్దికొద్దిగా అరుగుతూ వెచ్చదనాన్నిస్తాయి. గూట్లో పొడి ఊక పరిచి, గాలి కొట్టే వైపు గోనెపట్టా కట్టాలి. పైన మాత్రం సందు వదలాలి. తేమ, రెట్ట ఘాటు లోపలే నిలిస్తే జబ్బులొస్తాయి. ఉదయం గోరువెచ్చని నీళ్లు పెట్టాలి.

డిసెంబరులో మన సాయంత్రాలు సెమీ క్రిస్మస్ కూటాలకు, పాటల సాధనకు వెళ్లే హడావిడిలో గడుస్తాయి. కోళ్లు ఖాళీ కడుపుతో గూడెక్కితే, రాత్రి 10 గంటలకు తిరిగొచ్చి ఎంత జాలితో గింజలు చల్లినా అవి తినలేవు. యెరూషలేము కోసం దుఃఖించిన యేసుప్రభువు తన ప్రేమను పోల్చింది, పిల్లల్ని రెక్కల కింద చేర్చుకునే కోడితోనే (మత్తయి 23:37). ఆ ప్రేమను పాడుకునే మనం గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. కనికరానికీ ఒక వేళ ఉంటుంది. పెరట్లోని కోడికైనా, పొరుగింటి ముసలమ్మకైనా ఆకలి తీర్చాల్సింది మనం బైబిలు పట్టుకుని గడప దాటక ముందే!