గ్యాసేలే అనుకుంటున్నారా? ఓసారి టైమ్ చూడండి!

రేపు విశాఖలో పరీక్ష. నర్సీపట్నం నుంచి తెల్లవారుజామున బస్సు ఎక్కాలి. రాత్రి పదకొండున్నర దాకా బిట్లు తిరగేసి, బయట నూడుల్స్ తిని అలాగే నడుం వాల్చారు. కాసేపటికే రొమ్ము ఎముక వెనక మంట మొదలై గొంతు దాకా ఎగబాకింది. ‘ఆఁ, గ్యాసేలే’ అనుకుని ఓ మాత్ర వేసుకున్నారు. నిద్ర మాత్రం పట్టలేదు. నెలల తరబడి చదివింది రాయాల్సిన రోజున కళ్లు మూతలు పడుతుంటే ఎలా?

కడుపు ఉబ్బినా, పుల్లటి త్రేన్పు వచ్చినా, ఛాతీ నొప్పి పుట్టినా మన దగ్గర అన్నిటికీ ఒకటే పేరు.. గ్యాస్! చిక్కంతా అక్కడే. మంట ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తే వస్తోందో గమనిస్తే సగం సంగతి మీకే తెలుస్తుంది.

అసలేం జరుగుతుంది?

అన్నవాహిక, జీర్ణాశయం కలిసేచోట ఓ కండరం కవాటంలా పనిచేస్తుంది. అది వదులైతే ఆమ్లం పైకి తన్నుకొస్తుంది. ఆమ్లాన్ని తట్టుకునే పొర జీర్ణాశయానికి ఉన్నట్టు అన్నవాహికకు లేదు. అందుకే మంట. ‘గుండెల్లో మంట’ అంటాం గానీ, దీనికీ గుండెకీ సంబంధం లేదు.

ఇలా గుర్తుపట్టండి

- తిన్నాక, పడుకున్నప్పుడు, ముందుకు వంగినప్పుడు మంట ఎక్కువవుతుంది. లేచి కూర్చుంటే కాస్త తగ్గుతుంది.
- నోట్లోకి పులుపో, చేదో వస్తుంది.
- కొందరికి మంటే ఉండదు. పొద్దున్నే గొంతు బొంగురు, వదలని పొడిదగ్గు మాత్రమే ఉంటాయి. ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు దీన్ని జలుబు అనుకుని వదిలేయొద్దు.

వారానికి రెండుసార్లు, అంతకు మించి వస్తుంటే డాక్టర్‌ను కలవాల్సిందే. నర్సీపట్నంలోనే ఏరియా ఆసుపత్రి ఉంది. పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకోవద్దు.

ఇవి మంట ఖాతాలో వేయొద్దు

ఛాతీ మీద బరువు పెట్టినట్టుండటం, నొప్పి ఎడమ చేతికో, దవడకో పాకడం, చల్లటి చెమటలు, ఆయాసం.. ఇవి గుండెపోటు లక్షణాలు కావచ్చు. వెంటనే 108కు ఫోన్ చేయండి. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేసేవాళ్లు ఇంకాస్త జాగ్రత్త. పరిగెడితే వచ్చి, ఆగితే తగ్గే ఛాతీ నొప్పిని గ్యాస్ అని కొట్టిపారేయకండి. పరుగు ఆపి పరీక్ష చేయించుకోండి.

ముద్ద మింగుడు పడకపోవడం, నల్లటి విరేచనం, వాంతిలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపించినా ఆలస్యం చేయొద్దు.

రూమ్‌లో ఉంటూనే..

- రాత్రి భోజనానికీ, పడకకీ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. చదువు ముగించి తినడం కాదు, తిని చదువుకోండి.
- తలవైపు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఆరేడు అంగుళాలు ఎత్తు చేయండి. దిండ్లు పేర్చితే నడుము వంగి, పొట్ట నొక్కుకుంటుంది. ఎడమవైపు తిరిగి పడుకుంటే మేలు.
- టీ, కాఫీ, వేపుళ్లు, సిగరెట్.. మీకు ఏది పడట్లేదో వారం రోజులు నోట్‌బుక్‌లో రాసుకోండి. డాక్టర్‌కు చూపించడానికీ పనికొస్తుంది.
- తలనొప్పి అంటూ ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు తరచూ వేసుకుంటే కడుపు దెబ్బతింటుంది.
- ఏ మాత్రనైనా గ్లాసు నిండా నీళ్లతో మింగండి. గుక్కెడు నీళ్లతో వేసుకుని వెంటనే పడుకుంటే, డాక్సీసైక్లిన్ లాంటివి అన్నవాహికలోనే అతుక్కుని పుండు చేస్తాయి.
- ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ లాంటివి టిఫిన్‌కు అరగంట ముందు వేసుకుంటేనే బాగా పనిచేస్తాయి. డాక్టర్ చెప్పకుండా వారాల తరబడి వాడొద్దు.

పరీక్ష ముందు రోజు కొత్త చాప్టర్ మొదలుపెట్టొద్దంటారు కదా! కొత్త తిండికీ అదే రూల్. ఇడ్లీయో, పెరుగన్నమో.. మీకు పడేదే, వేళకు తిని పడుకోండి.